దానం కాదు, వెట్టీ కాదు: అమెరికా వేసవి ఈత జట్లలో తల్లిదండ్రుల వంతు

జూన్ చివర్లోనో జూలైలోనో ఏ శనివారం పొద్దున్నయినా వాషింగ్టన్ డీసీ శివార్లలోని కాలనీ ఈత కొలను దగ్గరికి వెళ్తే ఒకటే సందడి. టెంట్లు, మడత కుర్చీలు, ఐస్ పెట్టెలు, తమ రేసు నంబర్లు చేతుల మీద మార్కర్ పెన్నుతో రాయించుకున్న పిల్లలు. ఈదేది పిల్లలే. కానీ ఆ పూట కొలను చుట్టూ పనిలో ఉన్న పెద్దలను లెక్కపెట్టడం మొదలుపెడితే చేతివేళ్లూ కాలివేళ్లూ కలిపినా చాలవు.

నార్తర్న్ వర్జీనియా స్విమ్మింగ్ లీగ్ సంగతే చూద్దాం. 1956 నుంచి నడుస్తున్న ఈ లీగ్‌లో ఇప్పుడు వందకు పైగా జట్లున్నాయి. శనివారం మీట్ అంటే రెండు జట్ల మధ్య పోటీ. ఐదు వయసు వర్గాలు, ఆడపిల్లలకూ మగపిల్లలకూ విడివిడిగా, ఒక్కో వర్గానికి నాలుగు రకాల ఈతలు. అలా 40 రేసులు. వాటి మీద 12 రిలేలు. మొత్తం 52 రేసులు మధ్యాహ్నం భోజనాల వేళకు అయిపోవాలి. ఆరు లేన్లు, లేన్‌కు ముగ్గురు టైమర్లు. స్టాప్‌వాచీలు పట్టుకుని నిలబడటానికే 18 మంది కావాలి. ఒక్క లేన్‌కు ముగ్గురెందుకంటే మనిషి వేలు మీద నమ్మకం లేక. మూడు వాచీల్లో మధ్యలో వచ్చిన టైమే లెక్కలోకి వస్తుంది. ఒకరు తొందరపడినా, ఒకరు ఏమరుపాటున ఉన్నా పిల్లకు అన్యాయం జరగదు.

వీళ్లు కాక రిఫరీ, స్టార్టర్, ఈత నియమం తప్పిందా లేదా చూసే స్ట్రోక్ అండ్ టర్న్ జడ్జీలు. టైములు కంప్యూటర్లోకి ఎక్కించేవాళ్లు, స్కోరు సరిచూసేవాళ్లు, రిబ్బన్ల వెనక స్టిక్కర్లు అంటించేవాళ్లు, కాగితాలు అటూ ఇటూ మోసే రన్నర్లు, మైకు పట్టుకునేవాళ్లు, డోనట్లూ కాఫీ అమ్మేవాళ్లు. వీళ్లందరిలోకీ ఎక్కువ ఓపిక కావలసింది క్లర్క్ ఆఫ్ కోర్స్‌కి. పేరు వింటే గుమాస్తా ఉద్యోగంలా ఉంటుంది. చేసేది మాత్రం చిన్నపిల్లలను రేసుల వరసలో బెంచీల మీద కూర్చోబెట్టడం. ఈత కళ్లద్దాలు పోయాయని ఏడ్చేవాణ్ణి ఊరుకోబెట్టి, సరిగ్గా పిలుపు వచ్చే ముందు బాత్రూముకు పరిగెత్తిన పిల్లను వెనక్కి రప్పించి, ఎవరి లేన్ వెనక వాళ్లను నిలబెట్టడం. ఒక్కరు వేరే లేన్లో దూకారంటే ఆ రేసు కాగితాలన్నీ మళ్లీ చూసుకోవాలి.

రెండు జట్లూ చెరి సగం పంపినా ఒక్కో జట్టు నుంచి పాతిక మందికి తగ్గరు. మీట్‌ను సగానికి విరిచి రెండు షిఫ్టులు వేస్తే ఆ సంఖ్య ఇంకా పెరుగుతుంది. జీతం తీసుకునేది కోచ్‌లు, లైఫ్‌గార్డులు. తతిమ్మా అందరూ ఈదే పిల్లల అమ్మానాన్నలు. ఎవరు ఏ పనికి వస్తారో నమోదు చేసుకునే సైనప్ పేజీలో పేరు పెట్టకపోతే ఈమెయిల్ వస్తుంది. రెండో ఈమెయిల్ కాస్త గట్టిగా వస్తుంది. చాలా జట్లలో, పనికి రానివాళ్ల దగ్గర రిజిస్ట్రేషన్ రోజు తీసుకున్న డిపాజిట్ చెక్కు సీజన్ చివర బ్యాంకుకు వెళ్తుంది. దీని పేరు వాలంటీరింగ్.

తెలుగులో శ్రమదానం అనే మాట ఉంది, వెట్టి అనే మాటా ఉంది. మనసైతే చేసేది మొదటిది, గతిలేక చేసేది రెండోది. స్విమ్ టీమ్ పని ఈ రెండూ కాదు. కాలువ పూడిక తీయడానికి ఊళ్లో ఇంటికో మనిషి వెళ్లినట్టు, అది వంతు. నీళ్లు అందరి పొలానికీ పారతాయి, కాబట్టి పార అందరూ పట్టాలి. అమెరికా స్విమ్ టీముల్లో ఏటా జరిగే రగడకు మూలం సోమరితనం కాదు, దురాశా కాదు. వంతును దానం అని పిలవడం. దానం అడిగినప్పుడు ‘ఈసారి కుదరదండీ’ అనే హక్కు ఎదుటివాళ్లకు ఉంటుంది. వంతులో ఆ హక్కు లేదు. ముందు దానమని పిలిచి, తరవాత వంతులా వసూలు చేస్తే ఇచ్చినవాడికీ పుచ్చుకున్నవాడికీ మనసు కష్టమే.

ఇంతమంది తల్లిదండ్రులు పని చేయాల్సి రావడం వెనక కాస్త చరిత్ర ఉంది. రెండో ప్రపంచ యుద్ధం తరవాత శివార్లలో కొత్త కాలనీలు లేచాయి. 1950లు, 60లలో ఆ కాలనీల వాళ్లు సంఘాలు పెట్టుకుని, ఇంటికో వాటా కొనిపించి, సొంత కొలనులు తవ్వించుకున్నారు. సభ్యులే బోర్డు, సభ్యులే ఖజాంచీ, తాళంచెవి కూడా సభ్యుల దగ్గరే. ఈత జట్టు ఆ సంఘం లోంచే పుట్టింది కాబట్టి పనీ సంఘం వాళ్లదే అయింది. ‘మన పని మనమే చేసుకుందాం’ అన్న ఆ స్ఫూర్తికి ఇంకో ముఖం కూడా ఉండేది: మనం అంటే ఎవరు? వర్జీనియాలోని ఫెయిర్‌ఫాక్స్ కౌంటీలో లిటిల్ హంటింగ్ పార్క్ అనే కొలను సంఘం, ఒక సభ్యుడు తన వాటాను ఇంట్లో అద్దెకున్న నల్లజాతి కుటుంబానికి బదిలీ చేయబోతే ఒప్పుకోలేదు. పైగా ఆ సభ్యుణ్ణే సంఘం నుంచి తీసేసింది. ఆ కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1866 నాటి పౌరహక్కుల చట్టం ప్రకారం అది చెల్లదని 1969లో తీర్పు వచ్చింది. పక్కనే మేరీలాండ్‌లో వీటన్-హేవెన్ సంఘం మీద ఇలాంటి తీర్పే 1973లో వచ్చింది. మేము ప్రైవేటు క్లబ్బు, మా ఇష్టం అన్న వాదనను కోర్టు ఒప్పుకోలేదు. కొలను గట్టు మీద ఎవరు ఎవరికి తెలుసు అన్నదాన్ని బట్టి పనులు పంచుకోవడం ఈనాటికీ కొన్ని చోట్ల కనిపిస్తుంది. కొత్తగా వచ్చినవాళ్లకు మిగిలేది ఎండలో నిలబడే పని, పాతవాళ్లకు గొడుగు కింద బల్ల. ఆ పాత రోజులతో పోల్చాల్సినంత పెద్ద విషయం కాదిది. కానీ సంఘం అన్నాక లోపలివాళ్లు, బయటివాళ్లు అనే గీత తనంతట తనే పడిపోతుందని మాత్రం గుర్తు చేస్తుంది.

ఇక డబ్బు సంగతి. వేసవి జట్టు ఫీజు సాధారణంగా వందల డాలర్లలో ఉంటుంది. ఏడాది పొడుగునా నడిచే పోటీ క్లబ్బుల్లో అది వేలల్లోకి పోతుంది. అక్కడా వాలంటీర్ గంటలు అడుగుతారన్నది వేరే విషయం. ఫీజు తక్కువగా ఉండటానికి కారణం పని ఉచితంగా దొరకడమే. ఉదాహరణకు ఒక ఊహాలెక్క వేద్దాం. ఒక మీట్‌కు ఒక జట్టు 25 మందిని నాలుగేసి గంటలు పంపితే 100 గంటలు. గంటకు 15 డాలర్లు అనుకుంటే 1,500 డాలర్లు. శనివారాలూ, వారం మధ్యలో సాయంత్రం మీట్లూ కలిపి సీజన్‌కు పది అనుకుంటే 15,000 డాలర్లు. జట్టులో 100 కుటుంబాలుంటే ఇంటికి 150 డాలర్లు.

ఈ లెక్క చూసి చాలామంది వేసే ప్రశ్న ఒకటుంది: అంతేనా, ఆ 150 తీసుకుని మమ్మల్ని వదిలేయొచ్చుగా? అసలు చిక్కు ఇక్కడే ఉంది. ఏడెనిమిది వారాల పాటు, వారానికి నాలుగు గంటల కోసం, శనివారం పొద్దున ఏడింటికి, స్టాప్‌వాచీ పట్టుకోవడం తెలిసిన పాతిక మంది కూలికి దొరికే అడ్డా ఏ ఊళ్లోనూ లేదు. చెక్కు బ్యాంకులో పడుతుంది గానీ మూడో లేన్ వెనక నిలబడదు. జట్టుకు కరువైంది డబ్బు కాదు, మనుషులు. అందుకే బైఔట్, అంటే డబ్బు కట్టి పని తప్పించుకునే వెసులుబాటు, పైకి చూడటానికి న్యాయంగా కనిపించినా నలుగురైదుగురు వాడుకున్నంతవరకే పనిచేస్తుంది. అందరూ చెక్కులే రాసిస్తే ఆ శనివారం మీట్ ఉండదు.

జరిమానాల విషయంలో ఇంకా ఆసక్తికరమైన సంగతి ఇజ్రాయెల్‌లోని హైఫా నగరంలో బయటపడింది. పిల్లలను డేకేర్ నుంచి ఆలస్యంగా తీసుకెళ్లే తల్లిదండ్రులకు జరిమానా వేస్తే ఏమవుతుందో చూద్దామని యూరి గ్నీజీ, ఆల్డో రుస్టిచినీ అనే ఆర్థికవేత్తలు అక్కడి పది కేంద్రాల్లో ప్రయోగం చేశారు. 2000లో ప్రచురించిన ఫలితం ఇది: జరిమానా పెట్టిన చోట ఆలస్యాలు తగ్గలేదు సరికదా, సుమారు రెట్టింపయ్యాయి. జరిమానా ఎత్తేశాక కూడా పాత స్థితికి రాలేదు. అప్పటిదాకా టీచర్‌ను వెయిట్ చేయించినందుకు మొహమాటపడినవాళ్లు, రేటు పెట్టగానే ‘డబ్బు కడుతున్నాంగా’ అనుకున్నారు. స్విమ్ టీమ్ డిపాజిట్ చెక్కులో ఉన్న ప్రమాదమూ అదే. పక్కింటి వాళ్ల ముందు తలెత్తుకోవాలి అనే మొహమాటం ఏ వంద డాలర్ల చెక్కు కన్నా గట్టిది. దాన్ని ఒకసారి డబ్బులోకి మార్చుకున్నాక మళ్లీ మొహమాటంలోకి మార్చుకోవడం కష్టం.

దీనికి విరుగుడుగా కొన్ని జట్లు పాయింట్ల పద్ధతి పెట్టాయి. టైమర్‌కు ఇన్ని, కాఫీ బల్లకు ఇన్ని, సీజన్‌లో ఇంటికి ఇన్ని రావాలి అని. అది వింటే సమంజసంగానే ఉంటుంది. నడిచే తీరు వేరు. సైనప్ తెరిచిన రోజు రాత్రే జాగ్రత్త గల కుటుంబాలు తేలికైన పనులన్నీ ఎగరేసుకుపోతాయి. తమ కోటా సీజన్ మొదట్లోనే ముగించుకుంటాయి. జూలై చివర్లో, లీగ్‌లోని ఒక్కో విభాగం జట్లన్నీ కలిసి తలపడే డివిజన్ పోటీలప్పుడు, పని ఎక్కువగా ఉండే వారంలో, సైనప్ పేజీ ఖాళీగా వెక్కిరిస్తుంది. మా పాయింట్లు అయిపోయాయి అని అందరూ నిజమే చెబుతారు. లెక్క సరిపోయింది, పని మిగిలింది. పైగా గంటకు గంట సమానం అనుకోవడంలోనే ఒక తప్పు ఉంది. రిబ్బన్లకు స్టిక్కర్లు అంటించడం ఎవరైనా చేయగలరు. స్ట్రోక్ అండ్ టర్న్ జడ్జి కావాలంటే సీజన్‌కు ముందు ఒక సాయంత్రం శిక్షణకు వెళ్లాలి. బ్రెస్ట్‌స్ట్రోక్, బటర్‌ఫ్లై ఈదేవాళ్లు గోడను రెండు చేతులతో ఒకేసారి తాకారా, బ్రెస్ట్‌స్ట్రోక్‌లో కాళ్లు కత్తెరలా ఆడాయా లాంటివన్నీ నేర్చుకోవాలి. ఆ తరవాత పక్కింటి ఏడేళ్ల పిల్ల డిస్‌క్వాలిఫై అయితే చెయ్యెత్తాలి. అనుమానం ఉంటే పిల్లకే అనుకూలంగా అన్నది అక్కడి సూత్రం. అయినా ఆ సాయంత్రం పార్కింగ్ లాట్‌లో ఆ పిల్ల అమ్మకు ఎదురుపడటం అంత సులువు కాదు. దానికి ఏ పాయింట్లూ లేవు.

న్యాయమైన ఫిర్యాదు ఇంకొకటుంది. దీనిని నిర్వాహకులు తేలిగ్గా కొట్టిపారేస్తారు, అలా చేయకూడదు. నార్తర్న్ వర్జీనియా పద్ధతిలో శనివారం మీట్‌లో ఒక్కో రేసుకు జట్టుకు ముగ్గురే ఈదుతారు. అంటే ఆ వయసులో, ఆ ఈతలో వేగమైన ముగ్గురు. మిగతా పిల్లలకు మామూలు రోజుల్లో సాయంత్రం జరిగే బి మీట్లే దిక్కు. శనివారం మీట్‌కు మాత్రం పాతిక మంది కావాలి. ఆ ముగ్గురి తల్లిదండ్రులతో అది నిండదు. అప్పుడు, తన పిల్ల ఈదని మీట్‌లో పొద్దుటినుంచి ఎండలో నిలబడి ఎవరి పిల్లలకో టైము నొక్కే నాన్నకు కలిగే సందేహం సహజమైనది. జవాబు లేకపోలేదు: బి మీట్‌లో ఆయన పిల్లకు టైము నొక్కేవాళ్లలో శనివారం పిల్లల తల్లిదండ్రులూ ఉంటారు. ఉండాలి. ఉంటున్నారా లేదా అన్నది ప్రతి జట్టూ తన సైనప్ పేజీలు తిరగేసి చూసుకోవాల్సిన విషయం.

సొంత పిల్లకే ప్రతిఫలం అన్న లెక్క ఎక్కడికి దారితీస్తుందో వర్జీనియాలోనే ఒక కేసు చూపించింది. ఈతకు కాదు, జిమ్నాస్టిక్స్‌కు సంబంధించినది. అక్కడ విషయం పని గంటలు కాదు, విరాళాల సేకరణ. పిల్లల జట్టు ఖర్చులకు డబ్బు సేకరించే తల్లిదండ్రుల సంఘం క్యాపిటల్ జిమ్నాస్టిక్స్ బూస్టర్ క్లబ్‌లో సరుకులు అమ్మి డబ్బు తెచ్చిన తల్లిదండ్రులకు పాయింట్లు ఇచ్చి, వాళ్ల సొంత పిల్లల ఖర్చులోనే తగ్గించేవారు. అమ్మనివాళ్లు పూర్తి మొత్తం కట్టుకోవాలి. ఇది పిల్లలందరి కోసం నడిచే సేవా సంస్థ కాదు, కొందరు తల్లిదండ్రుల సొంత లాభానికి నడుస్తున్నది అంటూ పన్ను శాఖ దాని పన్ను మినహాయింపు తీసేసింది. 2013లో పన్ను కోర్టు ఆ నిర్ణయాన్ని సమర్థించింది. లాభాపేక్ష లేని సంస్థ అనిపించుకుంటూ పైసా పైసాకూ ఎవరి ఖాతా వాళ్లది అన్నట్టు నడిపితే చట్టం కూడా ఒప్పుకోకపోవచ్చని దీని అర్థం.

ఈ భారం ఇంట్లో ఎవరి మీద పడుతుందో చెప్పడానికి పెద్ద పరిశోధన అక్కర్లేదు. మీట్ రోజు టైమర్‌గానో రిఫరీగానో కనిపించే పనుల్లో నాన్నలు బాగానే ఉంటారు. ముందు వారమంతా ఈమెయిళ్లు చదివి, సైనప్‌లో పేరు పెట్టి, మీట్ ముందు రోజు జట్టంతా కలిసి తినే పాస్తా పార్టీకి ట్రే తెచ్చి, రిబ్బన్లు సర్దే పని మాత్రం ఎక్కువగా అమ్మలదే. ఒంటరిగా పిల్లలను పెంచుతున్నవాళ్లకు, శనివారం డ్యూటీ ఉండే నర్సుకు, షాపు నడిపేవాళ్లకు ఒకే కోటా పెట్టడం సమానత్వంలా కనిపించే అన్యాయం. ఇంటి దగ్గర కూర్చుని చేయగల పనులు కొన్ని ఎప్పుడూ ఉంటాయి: వెబ్‌పేజీ, టీషర్టుల ఆర్డర్, మీట్ ముందు రోజు ఎంట్రీల తయారీ. వాటిని ముందుగా వీళ్ల కోసం పక్కన పెట్టే జట్లు కొన్నే.

అమెరికాలోని తెలుగు కుటుంబాలకు ఇది కొత్త తలనొప్పి. వర్జీనియాలోని యాష్‌బర్న్, హెర్న్‌డన్, శాంటిలీ నుంచి టెక్సాస్‌లోని ఫ్రిస్కో, జార్జియాలోని కమ్మింగ్ దాకా, మన వాళ్లు ఎక్కువగా ఉండే చాలా కాలనీల్లో ఈ కొలనులున్నాయి. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో సమ్మర్ కోచింగ్ అంటే ఫీజు కట్టి, పిల్లాణ్ణి సార్‌కు అప్పజెప్పి, గ్యాలరీలో కూర్చోవడం. డబ్బు కట్టాక ఇంక మన పనేముంది అన్నది అక్కడ సరైన ప్రశ్నే. ఇక్కడ అదే ప్రశ్న వేస్తే పొగరనుకుంటారు. అలాగని మనవాళ్లకు వాలంటీరింగ్ తెలియదనడం అబద్ధం. గుడి వంటశాలలో వందల మందికి పులిహోర కలిపేది, బతుకమ్మకు హాలు అలంకరించేది, సిలికానాంధ్ర మనబడి తరగతుల్లో వారాంతాల్లో అఆలు దిద్దించేది జీతగాళ్లు కారు. తేడా ఎక్కడంటే, గుళ్లో పని ఎవరో నోటితో పిలిస్తే వస్తుంది: ‘వదినా, ఆదివారం కాస్త రావా’ అని. స్విమ్ టీమ్ పని లింకు రూపంలో వస్తుంది, గడువుతో, చెక్కుతో. పైగా తమకే ఈత రాకపోతే కొలను గట్టు మీద తాము పనికిరామనే బెరుకు. రిఫరీ, స్టార్టర్ లాంటి మాటలు వినగానే అది తమ పని కాదని వెనక్కి తగ్గేవాళ్లు చాలామంది. వేసవికి ఇండియా నుంచి వచ్చిన తాతయ్య ‘ఇంతమంది ఇంజనీర్లు స్టాప్‌వాచీలు పట్టుకుని నిలబడ్డారేమిట్రా’ అని నవ్వితే నవ్వొచ్చుగానీ, ఆయన్నే కుర్చీలు సర్దడానికి పిలిస్తే సంతోషంగా వస్తాడు.

జట్లు చేయాల్సింది పెద్దదేమీ కాదు, కానీ ముందే చేయాలి. ఫీజు అడిగే పేజీలోనే పని కూడా చెప్పాలి: ఈ సీజన్‌లో ఇన్ని మీట్లు, ఒక్కోదానికి ఇంతమంది, మీ ఇంటి వంతు ఇన్ని షిఫ్టులు, అందులో ఒకటైనా జూలైలో. ఇప్పుడు చాలాచోట్ల ఆ లెక్క రిజిస్ట్రేషన్ అయ్యాక, మొదటి మీటింగ్‌లో బయటపడుతుంది. శిక్షణ అవసరమైన పనులకు ఏటా కొత్తగా ఇద్దరినైనా తయారుచేసుకోవాలి. 2020లో కోవిడ్ వల్ల చాలా లీగులు సీజన్ రద్దు చేసుకున్నాయి. పిల్లలు పెద్దవాళ్లై వెళ్లిపోతే జడ్జీలుగా పనిచేసే వాళ్ల అమ్మానాన్నలూ వెళ్లిపోతారు కాబట్టి, ఒక్క ఏడాది విరామంతో అనుభవం ఉన్న జడ్జీల వరస తెగడానికి అవకాశం ఉందని అప్పుడు తెలిసింది. ఇక యంత్రాల మీద ఆశ పెట్టుకోవడం ఎంతవరకో చెప్పాలంటే, వైర్‌లెస్ స్టాప్‌వాచీలు వచ్చి రన్నర్ల పని తగ్గించాయి. కానీ ఆ వాచీని నొక్కే వేలు ఇప్పటికీ ఎవరో ఒకరి అమ్మదో నాన్నదో.

ఒలింపిక్స్‌లో 9 స్వర్ణాలు గెలిచిన కేటీ లెడెకీ ఆరేళ్ల వయసులో ఈత మొదలుపెట్టింది మేరీలాండ్‌లోని ఒక వేసవి జట్టులోనే. అలాంటి జట్లలో పిల్లల టైములు నొక్కేది ఈతగాళ్లు కారు, అది ఈత వచ్చినవాళ్లు చేయాల్సిన పనీ కాదు. మీట్‌కు ముందు టైమర్లకు పది నిమిషాలు చెబుతారు. స్టార్టర్ యంత్రం నుంచి వచ్చే శబ్దం విని కాదు, దాని మీద మెరిసే లైటు చూసి నొక్కాలి. చిన్నపిల్లల 25 మీటర్ల రేసు అవతలి గట్టు నుంచి మొదలవుతుంది. శబ్దం ఇటు చేరేసరికి సెకనులో వందకు ఏడు వంతులు గడిచిపోతాయి. పిల్ల చెయ్యి గోడకు తగలగానే వాచీ ఆపాలి. అది కనబడాలంటే అంచు మీదికి వంగి చూడాలి, చెప్పులు తడుస్తాయి. అందుకే పాత టైమర్లు ఇంటి నుంచే రబ్బరు చెప్పులు వేసుకొస్తారు.